ఆంగ్లభాషలో జెంటూ, తెలింగా శబ్దములు

క్రీ. శ. 1776 వ సంవత్సరమున లండను నగరమున 'ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్' అను గ్రంథము వెలువడెను. జెంటూల ధర్మశాసన సంగ్రహ మని యా పేరున కర్థము. చెన్నపురి కోటలోని కుంఫిణీవారి పాత వ్రాతలను జదివి, అందు జెంటూ యనగా దెలుగువాడనియు, జెంటూభాష యనగా దెలుగుభాష యనియు నెఱిగిన పాఠకుడు, ఇది యాంధ్రదేశపు వ్యవహారధర్మములను దెలుపు పుస్తక మని తలంచుట సహజము. పుస్తకము విప్పి చూచినచో నందు దెలుగుదేశపు ప్రసక్తియే కానరాదు. వంగదేశమున వారన్ హేస్టింగ్సు ప్రేరణమున బదునొకండుగురు పండితులు సంస్కృతమున నొక వ్యవహారగ్రంథమును గూర్చిరి. దానిని బారసీకమునకు మార్చిరి. ఆ పారసీకమునుండి నథానియల్ బ్రాసీ హాల్‌హెడ్ దొర యింగ్లీషున బరివర్తించెను. ఆ గ్రంథమున జెంటూ యనగా హిందువు, తెలుగువాడు కాడు.

ఇక రెండవ శబ్దము. 1857 వ సంవత్సరమున ఢిల్లీ నగరమును బట్టుకొన్న తిరుగుబాటు సిపాయిలను నాటి యురుదూ వ్రాతలు 'తిలంగే' యని పేర్కొన్నవి. ఇది తెలింగా శబ్దమునకు బహువచనరూపము. ఈ మాట మాత్రమే చూచి, ఢిల్లీ తిరుగుబాటును నడిపినవారు తెలుగు వీరు లని యెవరైన వ్రాసినచో నది మనకు వినుట కింపుగా నుండును గాని నిజము కాదు. ఆ సిపాయిలలో నత్యధికులు అవధ్, బీహారు ప్రాంతముల పల్లెలనుండి చేరినవారు. గోదావరిని గాని కృష్ణను గాని వారు కన్నెత్తి చూచి యెఱుగరు.

ఈ రెండు శబ్దములును ఆంగ్లేయుల వ్రాతలలో జిరకాలము వాడుకలో నుండినవే. హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్ అను నిరువురు కూర్చి 1886 లో బ్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను ఆంగ్లో-ఇండియను పదకోశమున రెండింటికిని స్థానము గలదు. ఒకానొక కాలమున నొకానొక చోట రెండును దెలుగువారికే పేర్లుగా జెల్లినవి. కాని మొదటిది మతమును జెప్పు మాటగా వచ్చి, యొక తీరమున భాషను జెప్పు మాటగా సంకోచించినది. రెండవది దేశమును జెప్పు మాటగా వచ్చి, దూరదేశమున వృత్తిని జెప్పు మాటగా వ్యాపించినది. ఈ భేదమును గమనింపక పూర్వపు దస్తావేజులలోని ప్రతి జెంటూను, ప్రతి తెలింగాను ఆంధ్రుల లెక్కలో వేసికొన్నను, త్రోసివేసినను ఆంధ్రదేశ చరిత్రకు గీడే.

జెంటూ శబ్దమునకు మూలము లాటిన్ భాషలోనిది. 'గెన్స్' అనగా వంశము, జాతి. దానినుండి 'గెంటిలిస్' అను విశేషణము పుట్టెను. ఒకే వంశమునకు జెందినవా డని మొదటి యర్థము. క్రైస్తవుల వేదము లాటిన్‌లోనికి బరివర్తనము చెందినపుడు, యూదులు గాని యన్యజాతులను దెలుపుట కీ కుటుంబపు మాటలనే వాడిరి. అటుపై క్రైస్తవులు తమ మతమున జేరనివారి కెల్ల నా పేరు పెట్టిరి. పోర్చుగీసు భాషలో నది 'జెంతియో' అయ్యెను. అదే లాటిన్ మాట ఫ్రెంచి భాషలో సద్వంశజుడు, కులీనుడు అను నర్థమున నిలిచి, యింగ్లీషున 'జెంటిల్' అను మాటయై మృదుస్వభావుని దెలుపుచున్నది. ఒకే బీజమునుండి కులీనుడును బాషండుడును బుట్టిరి! భాషాచరిత్రమున నిట్టి వింతలు లెక్కకు మిక్కిలి.

1498 లో వాస్కో డ గామా కోళిక్కోడు చేరిన పిమ్మట బోర్చుగీసువారు మన దేశపు బ్రజలను రెండు తెగలుగా జేసిరి. మహమ్మదీయులకు 'మౌరు' లని పేరు; స్పెయిను, పోర్చుగలు దేశములలో దాము చిరకాలము పోరాడిన ముసల్మానులకు బెట్టిన పేరే యిది. తక్కినవా రందఱును జెంతియోలు. ఈ విభాగమున భాషాభేదము లేదు, దేశభేదము లేదు. మలయాళపు నాయరును, గుజరాతు బనియాయును, ఓఢ్రదేశపు బ్రాహ్మణుడును నొకే జెంతియో. ఆంగ్లేయులు ప్రాచ్యసముద్రములకు వచ్చునాటికి తీరములయందు వర్తకభాష పోర్చుగీసే గావున నీ రెండు మాటలను వారును గ్రహించిరి. వారి వ్రాతలలో జెంట్యూ, జెంటివ్, జెంటూ యని పెక్కు వర్ణక్రమములు గానవచ్చును. తుదకు నిలిచినది జెంటూ.

హాల్‌హెడ్ పండితు డీ వ్యుత్పత్తితో దృప్తి చెందలేదు. జెంటూ శబ్దము సంస్కృతమందలి 'జంతు' శబ్దమే యనియు, దానికి బ్రాణి యనియు, ప్రత్యేకించి మనుష్యు డనియు నర్థ మనియు, పోర్చుగీసువా రా మాటను దేశీయుల నోట విని యదియే వారి పేరని భ్రమించి యుందు రనియు దన పీఠికలో నూహించెను. తమ మతపక్షపాతముచే నందు 'జెంటైల్' అను మాట ఛాయను గూడ జూచుకొని యుందు రని చేర్చెను. ఊహ చమత్కారముగనే యున్నది, చరిత్రకు నిలువదు. హిందువు లెవ్వరును దమ్ము 'జంతువులము' అని చెప్పికొన్న జాడ లేదు. హాల్‌హెడ్డే దేశీయు లా మాటను మతవిశేషమునకు వాడరని యొప్పుకొనెను. పోర్చుగీసులో జెంతియో శబ్దము వారు హిందూదేశము చేరకమున్నే యుండెను. అయినను ఈ పొరపాటు క్రింద నొక సత్యము దాగియున్నది. లాటిన్ 'గెన్స్' శబ్దమునకు మూలమైన ధాతువును, సంస్కృత 'జన్' ధాతువును నేకమూలము గలవి. కావున జెంటూ శబ్దము జంతు శబ్దమునుండి పుట్టలేదు గాని, రెండును దూరపు జ్ఞాతులు. మనము నిత్యము పలుకు 'జనము' అను మాటయు నా కుటుంబములోనిదే. సర్ విలియం జోన్సు కలకత్తాలో సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల యేకమూలతను బ్రకటించినది 1786 లో. హాల్‌హెడ్ 1778 నాటి తన వంగభాషా వ్యాకరణపు బీఠికలో నిట్టి సాదృశ్యములను గుఱించి ముచ్చటించెను. త్రోవ తప్పియు నూరి దాపునకే చేరినవాడు హాల్‌హెడ్.

ఇట్లు దేశమం దంతటను హిందువులకు జెల్లిన పేరు తెలుగువారికి మాత్రమే యేల పరిమిత మయ్యెను? దీనికి సమాధానము తూర్పుతీరమున నాంగ్లేయులు నడచిన త్రోవలో నున్నది. 1611 లో వారి గ్లోబు అను నోడ మచిలీపట్టణమునకు వచ్చెను. అచ్చట వారికి వర్తకశాల యేర్పడెను. ఆ సీమ గోలకొండ సుల్తానులది. దొరతనము మౌరులది, నేతగాండ్రు, దుబాసీలు, కోమటులు, గ్రామకరణములు జెంటూలు. ఆ జెంటూలు మాటలాడునది తెలుగు. మతమును దెలుపు మాటయే యచ్చట భాషను గూడ దెలుపజాలినది. ఆ తీరమున హిందువునకును దెలుగువానికిని నాంగ్లేయుని కంటికి భేదము లేకుండెను. 1639 లో దామెర్ల వేంకటాద్రి నాయకునివలన నాంగ్లేయులు చెన్నపురి స్థలమును బడసి కోట కట్టుకొన్నపుడు, మచిలీపట్టణమున నలవడిన యీ వాడుక వారితో దక్షిణమునకు వచ్చెను. అచ్చట వారికి మఱియొక హిందూజనము, మఱియొక భాష యెదురయ్యెను. అవి యరవలు, అరవభాష. వారికి వేఱు పేరు కావలసి వచ్చెను. పడమటి తీరమునుండి వచ్చిన పోర్చుగీసువారి వాడుక ననుసరించి యరవభాషను 'మలబారు' భాష యనిరి. చెన్నపురి వ్రాతలలో 'జెంటూలు, మలబారులు' అని జంటగా గనబడుటకు గారణ మిదియే. ఫాబ్రిషియస్ అను మతాచార్యుడు 1779 లో వేపేరిలో నచ్చొత్తించిన యరవ-ఇంగ్లీషు నిఘంటువునకు సైతము మలబారు నిఘంటు వనియే పేరు. మలయాళదేశపు పేరు అరవలకును, అన్యమతస్థుల పేరు తెలుగువారికిని! రెండు పేర్లును దప్పే. రెండును నూటయేబది యేండ్లకు బైగా నిరాటంకముగ జెల్లినవి.

అయిన నందఱాంగ్లేయులు నీ తప్పు నెఱుగనివారు కారు. కుంఫిణీ వైద్యుడుగా వచ్చిన జాన్ ఫ్రయరు 1673 ప్రాంతమున మచిలీపట్టణమును జూచెను. ఆయన 1698 లో బ్రకటించిన యాత్రాగ్రంథమున, నచ్చటి భాషను సామాన్యముగా జెంటూ యందు రనియు, దాని సొంత పేరు తెలింగా యనియు వ్రాసెను. ఈ వ్యాసమునకు విషయమైన రెండు శబ్దములును నొకే చోట, నొకే భాషకు బేర్లుగా నిట్లు తారసిల్లుచున్నవి.

పాతవ్రాతలలో జెంటూ శబ్దమున కే యర్థము గ్రహింపవలె నను ప్రశ్నకు నొక చిన్న యుపాయము గలదు. ఆ మాట ప్రక్కన నున్న మాటను జూడవలెను. 'మౌరులు, జెంటూలు' అని యున్నచో మతభేదము వివక్షితము. జెంటూ యనగా హిందువు. 'జెంటూలు, మలబారులు' అని యున్నచో భాషాభేదము వివక్షితము. జెంటూ యనగా దెలుగువాడు. ఒకే చెన్నపురి కోటలో, నొకే లేఖకుని చేతిలో సైతము నీ రెండర్థములును మాఱుచుండవచ్చును. వంగదేశపు వ్రాతలలో మాత్ర మీ చిక్కు తక్కువ. అచ్చట మలబారులు లేరు. కాన జెంటూ సాధారణముగ హిందువే.

ఇప్పుడు తెలింగా శబ్దమును జూతము. ఇది పరదేశీయులు కల్పించినది కాదు. త్రిలింగ శబ్దభవ మని కొందఱును, తెనుగు శబ్దమే ప్రాచీన మని కొందఱును జేయు వాద మిచ్చట నప్రస్తుతము. ఢిల్లీ సుల్తానుల కాలపు బారసీక చరిత్రకారులు కాకతీయరాజ్యమును 'తిలంగ్' అని పేర్కొనిరి. 1309-10 లో మలిక్ కాఫూరు ఓరుగంటిపై దండెత్తిన వృత్తాంతమును వ్రాసిన అమీర్ ఖుస్రూకు నిది పరిచితమైన పేరు. 1323 లో నోరుగల్లు పతనమైన పిమ్మటను నా దేశమునకు నదియే పేరు. 2014 లో నేర్పడిన తెలంగాణ రాష్ట్రపు పేరును నీ కుదురులోనిదే. పారసీకము పాలకుల భాషగా నున్నచోట నెల్ల, గలకత్తా మొదలు లక్నో వఱకు, తిలంగ్ అనగా దక్షిణమున దెలుగుదేశ మని చదువుకొన్నవారికి దెలియును.

దక్షిణముననే తెలుగువారికి బొరుగువా రిడిన పేరు మఱియొకటి గలదు. అరవలు తెలుగువారిని 'వడుగులు' అనిరి, ఉత్తరదిశవా రని యర్థము. 1544 ప్రాంతమున ఫ్రాన్సిస్ జేవియరు తన లేఖలలో, ముత్యపుజిప్పల తీరమున బల్లెకారులను బాధించిన 'బడగ'లను గుఱించి వ్రాసినది విజయనగరరాజ్యపు వడుగు దండులను గుఱించియే. ఆ మాట యింగ్లీషున స్థిరపడలేదు గాన నిచ్చట విస్తరింప బనిలేదు.

తెలింగా శబ్దపు గతి మాఱినది 1756 లో. ఆ యేటి జూన్ మాసమున సిరాజుద్దౌలా కలకత్తాను బట్టుకొనెను. వార్త చెన్నపురికి జేరగా, అక్టోబరులో క్లైవును, వాట్సను నౌకాధిపతియు దెల్లసోల్జర్లను, సుమారు 1500 మంది సిపాయిలను వెంటగొని యోడలపై బయలుదేరిరి. 1757 జనవరి ఆరంభమున గలకత్తా మరల నాంగ్లేయుల వశమయ్యెను; జూన్ 23 వ తేదీన బలాసీ యుద్ధము జరిగెను. వంగదేశపు బ్రజ లంతకుముందు చూచిన కాల్బలము వేఱు: ఎవరి దుస్తులు వారివి, ఎవరి తుపాకి వారిది, వరుస యనునది లేదు. ఇప్పుడు వచ్చినవారు డోలు మ్రోతకు నొక్కటిగ నడుగు వేయువారు, ఒక్క మాటకు నొక్కమాఱుగ దుపాకులు పేల్చువారు. వారు దక్షిణపు తీరమునుండి వచ్చిరి. దక్షిణపు తీరమనగా దిలంగ్ దేశము. కావున వారు తిలంగాలు. ఈ పేరు పెట్టినవా రాంగ్లేయులు కారు, దేశీయులే. ఆంగ్లేయులు దేశీయుల నోటినుండి దానిని దిరిగి గ్రహించిరి.

ఆ 1500 మందిలో దెలుగువా రెందఱు? పేరు దీనికి సాక్ష్యము కాజాలదు. కర్ణాటక యుద్ధములలో దేఱిన యీ సిపాయిలలో ముసల్మానులు, అరవలు, తెలుగులు గలసి యుండిరి. వంగీయున కా భేదములతో బనిలేదు. చెన్నపురి తిలంగ్ దేశములోనిదే యని యాతని భావము. భూగోళమున నది కొంత పొరపాటే యైనను, ఆ పట్టణపు దుబాసీలలో, వర్తకులలో దెలుగువారికి గల ప్రాబల్యమును దలచినచో బూర్తిగ నిరాధారమును గాదు.

ఒక్క యేడు తిరుగకమున్నే యీ పేరు తన దేశమునుండి విడివడెను. 1757 జనవరిలోనే క్లైవు వంగదేశమున నొక క్రొత్త పటాలము నెత్తెను. అందు జేరినవారు పఠానులు, రోహిలాలు, జాటులు, రాజపుత్రులు, బ్రాహ్మణులు. ఎఱ్ఱకోటులు తొడిగినందున దానికి 'లాల్ పల్టన్' అని వాడుక. తిలంగాల దుస్తు వేసికొని, తిలంగాల కవాతు నేర్చినవాడును దిలంగాయే యయ్యెను. నవాబు మీర్ కాసీము తన సేనను గుర్గీన్ ఖాను అను నార్మేనియను చేత యూరోపియను రీతిగ దీర్చిదిద్దించుకొనెను; అందును దిలంగాలు గలరు. 1764 లో బక్సరున నోడిన పిమ్మట అవధ్ నవాబు షుజాఉద్దౌలాయు దిలంగా పటాలముల నెత్తెను. ఈ వృత్తాంతములను వ్రాసిన గులాం హుసేన్ ఖాన్ తబాతబాయీ గ్రంథము 'సియర్-ఉల్-ముతాఖిరీన్' 1789 లో గలకత్తాలో నింగ్లీషున వెలువడెను. అందు దెలింగా శబ్దము పుటపుటను గానవచ్చును. అర్థము మాత్రము కవాతు నేర్చిన కాల్బంటు. ఇచ్చటను బ్రక్కమాటను జూచుట యక్కఱకు వచ్చును. అవధ్ వ్రాతలలో 'నజీబులు, తిలంగాలు' అని జంటగా నుండును. నజీబులు పాతపద్ధతి తుపాకులతో దేశీయ దుస్తులలో నుండు భటులు. అట్టిచోట దిలంగా యనునది వృత్తినామము. తిలంగ్ ప్రక్కన నోఢ్రము గాని కర్ణాటకము గాని యున్నచో నది దేశనామము.

ఈ కథలో నొక వక్రగతి గలదు. 1758 అక్టోబరులో క్లైవు కర్నలు ఫోర్డును సుమారు 500 మంది తెల్లవారితోను, 2000 మంది వంగదేశపు సిపాయిలతోను విశాఖపట్టణమునకు బంపెను. వారు విజయనగరపు ఆనందగజపతిరాజుతో గలసి, డిసెంబరులో జందుర్తికడ బరాసులను గెలిచి, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు గోటను బట్టుకొనిరి. ఆంగ్లేయు లుత్తర సర్కారులలో గాలూనుటకు మార్గ మేర్పఱచిన యుద్ధ మిది. తమ దేశమున దిలంగా లని పిలువబడు హిందుస్థానపు సిపాయిలు తిలంగ్ దేశమునకు వచ్చి, యచ్చటి భాష యొక్క ముక్కయు దెలియక, యచ్చటి కోటను బట్టుకొనిరి. వారిని జూచిన తెలుగువారిలో నెవరికిని వీరు మన పేరు మోయుచున్నా రని తోచి యుండదు.

రెండు శబ్దముల భేదమును స్పష్టముగ జూపు సాక్ష్యము యుద్ధరంగమున గాక వ్యాకరణములలో లభించుచున్నది. నాలుగేండ్లలో మూడు తెలుగు వ్యాకరణము లింగ్లీషున వెలువడినవి. 1814 లో శ్రీరామపురమున విలియం కేరీ ప్రకటించినది తెలింగా భాషావ్యాకరణము. 1816 లో చెన్నపురి కళాశాలాముద్రణాలయమున ఎ. డి. క్యాంబెలు ప్రకటించినది తెలుగు భాషావ్యాకరణము. సామాన్యముగ జెంటూ యని వ్యవహరింపబడునది యని దాని ముఖపత్రమున వివరణ గలదు. 1817 లో చెన్నపురిలోనే విలియం బ్రౌను ప్రకటించినది జెంటూ భాషావ్యాకరణము. భాష యొక్కటియే, పేర్లు మూడు. కేరీ వంగదేశమున నుండెను; అచ్చట జెంటూ యనిన హిందువు గాన నా మాట యాతనికి బనికిరాదు. విలియం బ్రౌనునకు జెన్నపురి పాఠకు లున్నారు. వారికి జెంటూ యనిన సందేహము లేదు. ఏ నగరమున నచ్చుపడినదో ముఖపత్రమే చెప్పుచున్నది.

క్యాంబెలు ముఖపత్ర మింకను నిశితముగ జూడదగినది. అందు జెంటూ యనునది భాషకు బేరు. ఆ భాషను మాటలాడు ప్రజలు మాత్రము హిందూదేశద్వీపకల్పమున నీశాన్యపు సీమలలో వసించు 'హిందువులు'. అనగా, నలువదేండ్లకు బూర్వము హాల్‌హెడ్ జెంటూ శబ్దమునకు జెప్పిన యర్థమును 1816 నాటికి బారసీకమునుండి వచ్చిన హిందూ శబ్దము పూర్తిగ నాక్రమించుకొనెను. జెంటూ శబ్దమునకు మిగిలినది దక్షిణపు భాషార్థ మొక్కటియే; దానిని గూడ, భాషను నేర్చిన దొరలు ఆ భాషవారి సొంత పేరైన తెలుగునకు విడువ నారంభించిరి. ఆ క్యాంబెలు వ్యాకరణమునకే ఎల్లిసు దొర వ్రాసిన పీఠికాలేఖ, తెలుగు సంస్కృతజన్యము గాక దక్షిణభాషాకుటుంబములోనిదని స్థాపించిన మొదటి వ్రాత. భాష స్వరూప మెఱుకపడినకొలది మతమును దెలుపు పేరు దానిపై నిలుచుట యసంగత మయ్యెను. సి. పి. బ్రౌను 1852 లో దన మహానిఘంటువును బ్రకటించునాటికి జెంటూ యను పేరు పెట్టుట యెవరికిని దోచియుండదు.

1886 లో యూల్, బర్నెల్ దొరలు జెంటూ శబ్దమును ఇంచుమించు జచ్చిన మాటగా లెక్కించిరి. తెలింగా శబ్దము మాత్రము వేఱు గతి బట్టెను. ఇంగ్లీషు వ్రాతలలో నదియు మఱుగుపడెను గాని, దానిని బుట్టించిన దేశీయుల నోట నిలిచియుండెను. ఆ కోశమును 1903 లో రెండవమాఱు ప్రకటించిన విలియం క్రూకు, ఉత్తర హిందూస్థానమున దేశీయులు సిపాయిని, తుపాకి ధరించిన పోలీసుబంట్రోతును నప్పటికిని దెలింగా యనియే పిలుచుచుండి రని యా పదము క్రింద వ్రాసి చేర్చెను.